తెలుగొచ్చే సిస్టరు

బీఎస్సీ నర్సింగ్ పాసైన కొన్నాళ్లకే మంజుశ్రీకి రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి బళ్లారి సత్యనారాయణపేట దగ్గరున్న ఓ ప్రైవేటు ఆస్పత్రి నుంచి. ఆరు నెలల ట్రైనింగు, తర్వాత అక్కడే ఉద్యోగం. రెండోది మంగళూరు నుంచి. ఏడాది ట్రైనింగు, హాస్టల్లో ఉండాలి. మొదటి మూడు నెలలు ఒక సీనియర్ నర్సు పక్కనే ఉండి పని నేర్పుతుంది. బదులుగా రెండేళ్లు అక్కడే పనిచేయాలి, అన్నాళ్లూ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటాయి. ఏ సంగతీ ఆ పై సోమవారంలోగా ఇద్దరికీ చెప్పాలి.

సిరుగుప్పలోని ఆమె ఇంట్లో దీనిమీద పెద్ద చర్చేమీ జరగలేదు. తండ్రి మారెన్న రైసుమిల్లులో బస్తాలు మోసి వచ్చి, విషయం విని, "నీకెట్ల అనిపిస్తే అట్ల చెయ్యి పాపా" అని గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. తల్లి హొన్నూరమ్మకు నాట్ల కాలం. పొద్దున ఆసామి వెంకటరత్నం గారి మడిలో వంగితే, మాపటికి నడుం పట్టుకుని ఇంటికి చేరేది.

"మంగళూరు యాడుండాదో నాకు తెల్దు. బళ్లారికైతే బస్సుండాది. పొద్దున పోతే మాపటికి ఇంట్లో ఉంటావు" అంది.

అంతటితో అయిపోయింది. బళ్లారి ఆస్పత్రివాళ్లు చేరే ముందు వారం రోజులు వచ్చి పని చూసుకోమన్నారు. మంజుశ్రీ వెళ్లింది.

ఆమెకో భయం ఉంది. అది ఇంట్లో చెప్పుకునేది కాదు. కాలేజీలో ఉండగా ఒక్కో మంచం చుట్టూ గుంపుగా నిలబడేవాళ్లు. ముందున్నవాళ్లకు చేసే పని దొరికేది, వెనకున్నవాళ్లకు వీపులు కనిపించేవి. మంజుశ్రీ ఎప్పుడూ వెనకే ఉండేది. పరీక్షలో ప్లాస్టిక్ చేతికి సూది పెట్టి మార్కులు తెచ్చుకుంది. మనిషి చేతికి సెలైన్ సూది పెట్టింది చాలా తక్కువసార్లు. పెట్టినవాటిలో సరిగ్గా కుదిరినవి ఇంకా తక్కువ. ఇప్పుడు పట్టా ఉంది, తెల్ల బట్టలున్నాయి. చెయ్యి మాత్రం ఇంకా కుదరలేదు.

మొదటిరోజు వార్డు ఇన్‌ఛార్జి ఉచ్చంగెమ్మ ఆమెను చూసి మొదట అడిగింది ఒక్కటే. "తెలుగు వస్తాదా?"

"మా ఇంట్లో మాట్లాడేదే తెలుగు సిస్టర్."

"బతికిస్తివి. ఈ వార్డులో తెలుగొచ్చేది నాకొక్కదానికే."

ఆ ఆస్పత్రికి ఆలూరు, ఆదోని, రాయదుర్గం వైపు నుంచి రోజూ జనం వస్తారు. డాక్టర్లలో ఇద్దరు ఉత్తరాదివాళ్లు, నర్సుల్లో సగం మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. సాయంత్రానికల్లా అన్ని అంతస్తుల నుంచీ "ఆ తెలుగు సిస్టర్‌ని పంపించండి" అని ఫోన్లు మొదలయ్యాయి. స్కానింగ్‌కు ముందు ఏమీ తినొద్దని చెప్పాలి. ఆపరేషన్ ఎందుకు వాయిదా పడిందో చెప్పాలి. ఏడుస్తున్నవాళ్లకు ఐసీయూ లోపల ఏం జరుగుతోందో చెప్పాలి. ఆమె నోరు తెరవగానే వాళ్ల మొహాలు తేటపడేవి. "మనోళ్ల పాప" అనేవాళ్లు. ఆ మాట బాగానే ఉండేది. కానీ మూడు రోజులు తిరిగినా ఆమె ఒక్క సూదీ పట్టుకోలేదు.

నాలుగోరోజు హులిగప్ప వచ్చాడు. ఆలూరు దగ్గరి పల్లె, మిరప చేలల్లో కూలి చేసే ముసలాయన. వాంతులు, విరేచనాలతో మనిషి వాడిపోయాడు. ఎప్పటినుంచో మంజుశ్రీ తెలుగులో అడిగి రాసుకుంది. సూది పెట్టడానికి వేరే నర్సు ట్రే తీసుకురాగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఈయమ్మ వద్దప్పా. మన పాప ఉండాది కదా, ఆ పాపనే ఎయ్యమను. మన మాటొచ్చినోళ్ల చెయ్యి మెత్తగుంటాది."

ఉచ్చంగెమ్మ వరసగా రెండో డ్యూటీ చేస్తోంది. రాత్రి రావాల్సిన మనిషి రాలేదు. "వేసేయమ్మా బేగ. నాకింకా నాలుగు మంచాలుండాయి" అని పక్కకు వెళ్లిపోయింది.

మంజుశ్రీ రబ్బరు పట్టీ బిగించింది. ఒంట్లో నీళ్లు తగ్గినవాడికి నరం పైకి తేలదు. మొదటి పోటు పక్కకు పోయింది. రెండోది తగిలినట్టే తగిలి, చూస్తుండగానే చర్మం కింద ఉబ్బింది. ఆమె సూది తీసేసి దూది అదిమి పట్టింది. ఆయన తిడతాడనుకుంది.

"నీదేం తప్పులే తల్లీ" అన్నాడు హులిగప్ప. "నా నరాలే దొంగ నాయాళ్లు. దాక్కుంటాండాయి. ఇంగోసారి గుచ్చు."

తిట్టినా బాగుండేది. ఆమె ట్రే పక్కన పెట్టి వెళ్లి ఉచ్చంగెమ్మను పిలుచుకొచ్చింది. ఉచ్చంగెమ్మ ఎదుటి మంచం సెలైన్ బాటిల్ వైపు చూస్తూనే వేలితో ఆయన ముంజేతిని తడిమి, ఒక్క పోటుతో పెట్టేసి వెళ్లిపోయింది. హులిగప్ప ఆవిడను చూడనైనా లేదు.

"చూసినావా, నువ్వు ముందు దారి చేసినావు కాబట్టే ఆయమ్మకు దొరికె" అన్నాడు మంజుశ్రీతో.

మధ్యాహ్నం టీ దగ్గర ఉచ్చంగెమ్మ చెప్పులు విడిచి మడమలు నొక్కుకుంటుంటే మంజుశ్రీ అడిగింది. "సిస్టర్, నన్ను ఒక నెల మీ పక్కనే నిలబెట్టుకుంటారా? ఇంకే పనీ చెప్పకుండా?"

"ఎవురు నిలబడనిస్తారు? పైనుంచి ఫోనొస్తే నిన్ను పంపాల్సిందే. ఈడ నీ నోటికే పనుండాది."

"ఆరు నెలల ట్రైనింగ్ అన్నారు కదా?"

"నాకూ అట్లే అన్నారు. నేర్చుకున్నానా అంటే నేర్చుకున్నా. ఎవుర్ని గుచ్చి నేర్చుకున్నానో మాత్రం అడగద్దు." ఉచ్చంగెమ్మ గ్లాసు కింద పెట్టి చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది. "రెండుసార్లు తప్పినాక నన్ను పిలిస్తివే, అది మంచి పని చేస్తివి. మూడోసారీ గుచ్చేవాళ్లే జాస్తి."

శనివారం హులిగప్పకు సూది మార్చాల్సి వచ్చింది. ఆయన కాస్త తేరుకున్నాడు. మంజుశ్రీని చూడగానే చెయ్యి చాపాడు.

"నాకు రాదు తాతా" అంది ఆమె.

"రాకుంటే మరి ఈ బట్టలెట్లిచ్చిరి నీకు?"

"బట్టలు ముందే ఇస్తారు."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"నేర్పించే చోటికి పోతాండా తాతా. మంగళూరుకి."

"నువ్వు పోతే ఈడ మాకు చెప్పేదెవురు? ఈళ్లు ఏం మాట్లాడతారో మాకు ఒక ముక్క అర్థం కాదు."

ఉచ్చంగెమ్మ సూది పెడుతుంటే ఆయన చెయ్యి కదలకుండా పట్టుకుని, వేలు ఎక్కడ ఆగిందో చూసింది. అంతలో రెండో అంతస్తు నుంచి మళ్లీ ఫోనొచ్చింది. వెళ్లి, చెప్పాల్సింది చెప్పి, అటునుంచి అటే ఆఫీసు గదికి వెళ్లింది.

ఆస్పత్రిలో ఉద్యోగుల సంగతులు చూసే చిదానంద, చేరనన్న ఆమె మాట పూర్తిగా విన్నాడు. కోప్పడలేదు.

"వార్డు కష్టమైతే వద్దులేమ్మా. కింద రిసెప్షన్ పక్కన టేబులు వేయిస్తా. తెలుగువాళ్లు వస్తే మాట్లాడాలి, అంతే. కుర్చీ, ఫ్యాను. నైట్ డ్యూటీ లేదు. ఇట్లాంటి పని ఎవరికి దొరుకుతుంది?"

ఉదయం నుంచి నిలబడే ఉన్న కాళ్లకు ఆ కుర్చీ మాట ఇంపుగానే తోచింది. ఆమె వెంటనే కాదనలేకపోయింది. ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేచి సూది పట్టుకోదు. అది ఆమెకు తెలుసు.

"వద్దు సార్" అంది.

బస్‌స్టాండులో సిరుగుప్ప బస్సు కోసం నిలబడి తల్లికి ఫోన్ చేసింది. అవతల మడిలో ఆడవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. మంజుశ్రీ జరిగింది చెప్పి, మంగళూరు వెళ్తానంది.

"కూసోని చేసే పని ఇస్తామంటే వద్దంటివా?"

"వద్దంటి మా."

"పొద్దుగూకులూ వంగి సచ్చే దాన్ని నేను. కూసునే పని వద్దనేదానివి నువ్వు. బాగుండాది." మళ్లీ తనే అడిగింది. "ఆ ఊర్లో నిన్ను పలకరించే దిక్కెవరే?"

"ఎవురూ పలకరించరు మా. పని నేర్పిస్తారు."

హొన్నూరమ్మ పక్కవాళ్లతో ఏదో అంది. ఫోన్ మళ్లీ చెవి దగ్గరికి వచ్చింది.

"సరే. వచ్చేటప్పుడు నడుం నొప్పికి మాత్రలు తీసుకురా. అవన్నా తెలుసు కదా నీకు?"

"తెలుసు మా" అంది మంజుశ్రీ. బస్సు ఇంకా రాలేదు. మందుల షాపు కోసం రోడ్డు దాటింది.