గోడ పక్క గునుగు

బతుకమ్మ పండుగ నాడు పళ్లెంలో పేర్చి మోసే గునుగు పువ్వును, అంతకు నెల ముందు మందు కొట్టి చంపింది మీరే కాదా?

మూడేళ్ల క్రితం కొత్తవాడలో మా పెరటి కాకరపాదు కాయడం మానేసింది. పిందెలు పసుపెక్కి రాలేవి. తేనెటీగలు రావడం లేదు, అంతే సంగతి. మా ఇంటావిడ పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దేది. పక్కింటివాళ్లు దిష్టి తగిలిందన్నారు. నేను నెక్కొండ వైపు పత్తిచేను గట్టున దులిపి తెచ్చిన గునుగు గింజలు తొలకరికి గోడ వెంట చల్లాను. సన్నటి నల్ల గింజలు, పైన పలుచగా మట్టి చాలు. తెల్లటి పూల వెన్నులు తీయగానే తేనెటీగలు, సీతాకోకలు వచ్చాయి. కాకర పిందెలు నిలిచాయి.

కిందటేడు నేను ఊరెళ్లి వచ్చేసరికి, ఇంకా వెన్ను తీయని మొక్కలు గోడ పొడుగునా మాడిపోయి ఉన్నాయి. ముక్కు పగిలే మందు వాసన. గోడ అవతల పక్కింటాయన నవ్వుతున్నాడు.

"పిచ్చిమొక్కలు సారూ! పాములొస్తయని నేనే కొట్టిన. మీకు ఫికర్ లేకుంట చేసిన."

"అది గునుగు అన్నా."

"గునుగా? పువ్వు లేకుంటె ఎట్ల గుర్తుపడ్తం?"

అదేమిటో ముందే చెప్పకపోవడం నా తప్పు కూడా.

కాకరపందిరి వెనక వరుస ఒక్కటే బతికింది. తేనెటీగల తిండి, మరుసటి ఏటి విత్తనం అందులోనే. బతుకమ్మ పేర్చే పొద్దున ఆయన, ఆయన భార్య తట్టతో వచ్చారు.

"తమ్మీ, జర గునుగు కోసుకుంట. బజార్ల వాడిపోయినయి పెడ్తాండ్లు," అందామె.

సగం కోసుకొమ్మన్నాను. సగం తేనెటీగలకు, గింజకు వదలమన్నాను.

"దేవుణ్ని నమ్మని సారు ఈగలకు మొక్కుతాండు సూడు!" అన్నాడాయన. "ఆడబిడ్డ అడిగితె పూలియ్యరా?"

"మీ మందుకు సావకుండ మిగిలినయి ఇవే అన్నా."

ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. "గునుగుకు మందు కొట్టినవా? ఇప్పుడు తట్ట ఎట్ల నిండాలె?"

ఆమె బాధ తట్ట గురించే. మధ్యాహ్నం ఆ తెల్లటి వెన్నులకు రంగు పట్టించడానికి గులాబీ రంగు నీళ్లలో ముంచి, మిగిలిన నీళ్లు గోడ మీదుగా మాడిన మొక్కల మొదట్లోనే పారబోశారు. పువ్వు దేవత, మొక్క పిచ్చిది! ఇదేం భక్తి?

నేను వదిలిన సగం గింజ పట్టింది. మీరు ఈ తొలకరికి గునుగు చల్లండి. మందు డబ్బా ముట్టకండి. పండుగకు కోసుకోండి, కానీ సగం వెన్నులు గింజ రాలిపోయే దాకా నిలబెట్టండి. గోడ అవతలివాళ్లకు ఆ మొక్క పేరు ఈరోజే చెప్పండి.