నక్క కోసం త్రీ నాట్ త్రీ

ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడితే, ఎటోబికోలోని మా అపార్ట్‌మెంటు పార్కింగులో ఒక నక్క తీరిగ్గా నడిచి పోతోంది. కార్ల దగ్గర ఉన్నవాళ్లంతా ఫోన్లు బయటికి తీసి ‘సో క్యూట్’ అని మురిసిపోతూ ఫొటోలు తీసుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. డెబ్బై దాటి, రోజూ బీపీ మాత్ర మింగే మనిషికి ఒక జంతువు మీద ఇంత కక్షేమిటని మీరనుకోవచ్చు గానీ, నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుందన్న ఆశతో చెబుతున్నాను.

ఇరవై ఏళ్ల కిందట మేం, ఇక్కడికి గంట దూరంలో ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊరి చివర, చుట్టూ రెండెకరాల ఖాళీ స్థలం ఉన్న పాత ఇంట్లో ఉండేవాళ్లం. నాకు ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు. మా ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, డ్రైవింగ్ రాదు, పలకరించే దిక్కు లేదు. అందుకని ఏడు కోడిపెట్టల్ని తెచ్చుకుని, వాటికి మా ఇంటి వరసలే పేర్లుగా పెట్టింది. నలుగురు ఆడపడుచులు, ఇద్దరు తోటికోడళ్లు, అందరినీ పొడుచుకు తినే ముసలి పెట్ట అత్తగారు. కాపురానికొచ్చిన కొత్తలో మా అమ్మ ముందు నోరెత్తని మనిషి, ఆ కోడిని మాత్రం పొద్దస్తమానం దులిపేసి, మళ్లీ ఒళ్లో కూర్చోబెట్టుకుని నూకలు పెట్టేది. నేను డ్యూటీ నుంచి రాగానే ఇవాళ ఎవరు అలిగారో, ఎవరు గుడ్డెక్కడ దాచారో కథలు కథలుగా చెప్పేది. ఈ దేశం వచ్చాక ఆవిడ అంత నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆ నవ్వు మీద గుంటనక్క కన్ను పడింది. సెప్టెంబరులో మొదలుపెట్టి, ముందు తోటికోడళ్లిద్దరినీ ఒకేసారి, తర్వాత ఒక్కో ఆడపడుచునూ, గూటి కింద మట్టి తవ్వి పట్టపగలే ఎత్తుకుపోయింది దొంగపీనుగ. చలి ముదిరేసరికి అత్తగారొక్కతే మిగిలింది. మా ఆవిడ ఈకలు ఏరుకుంటూ ఏడుస్తుంటే నాకు పట్టలేని కసి పుట్టుకొచ్చింది. దాన్ని చంపాలి, ఊరికే చంపితే చాలదు, తునాతునకలు చెయ్యాలి. అది పాపమని తెలుసు. అయినా ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుంటే నాకు ఆ ఎర్రతోకే కనిపించేది.

పక్క పొలం దొర, జీవితమంతా ఆవుల్ని సాకిన ముసలాయన, ఇనుప వల చుట్ట ఒకటి తెచ్చిచ్చి, గూటి చుట్టూ అడుగు లోతున పాతితే నక్క ఇంక తవ్వలేదని చెప్పాడు. మిగిలిన ఒక్కదాన్నైనా కాపాడమని మా ఆవిడ రోజూ బతిమాలేది. ముందు దాని సంగతి తేల్చనీ అని నేను దాటేసేవాణ్ణి. వల పాతుకుని కూర్చోవడమంటే నక్కకు భయపడ్డట్టే అనిపించేది నాకు.

ఆ చలికాలమంతా అత్తగారు మా బేస్‌మెంటులో, నేను తుపాకుల చదువులో. లైసెన్సు కోర్సు చేశాను, పరీక్ష రాశాను, ఏ సైజు గుండు కొనాలన్నది మాత్రం తెగలేదు. నక్కకు టూ ట్వంటీ త్రీ చక్కగా సరిపోతుందని, గుండు చిన్నదైనా వేగం ఎక్కువని, తగిలితే లోపలే ముక్కలైపోయి బయటికి రాదని ముసలాయన చెప్పాడు. పెన్సిల్ మొనంత గుండుతో నా కసి తీరుతుందా? చర్చిలో భోజనాల దగ్గర సలహా అడిగితే, జన్మలో తుపాకీ ముట్టని మనవాళ్లంతా తలో మాటా చెప్పారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరుగారైతే ఎక్సెల్ షీటే తయారుచేసి పెట్టాడు.

“చిన్నది తీస్కుంటే మళ్లా అప్‌గ్రేడ్ చేయాల్సొస్తది అంకుల్. రేపు ఎలుగుబంటి వస్తే ఏం చేస్తరు?”

పిల్లల స్కూలు చొక్కా ఒక సైజు పెద్దదే కుట్టించే జాతి కదా మనది, ఆ మాట నాకు బాగా తలకెక్కింది. పైగా మా నాన్నగారు హెడ్ కానిస్టేబులు. బుద్ధెరిగినప్పటి నుంచి నాకు తెలిసిన తుపాకీ త్రీ నాట్ త్రీ ఒక్కటే. పాతది ఒకటి అమ్మకానికుందని తెలియగానే ఎగిరి గంతేసి తెచ్చుకున్నాను. ముసలాయన దాన్ని చూసి, ఇది దుప్పిని పడగొట్టే గుండు, నక్క దగ్గర ఆగదు, దాని వెనక ఏముందో చూసుకుని కాల్చమన్నాడు. లైసెన్సు పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నాకు చెప్పొచ్చాడు అనుకున్నాను.

ఏప్రిల్లో మంచు కరిగాక అత్తగారిని మళ్లీ గూటికి చేర్చాం. మూడో రోజు పొద్దున నేను పెరటి మెట్ల మీద కాపు కాసి ఉండగా నక్క వచ్చింది. వచ్చి, గూటి ముందు చతికిలబడి, అత్తారింటికొచ్చిన అల్లుడిలా మూతి నాక్కుంటూ కూర్చుంది. ఇక నాకు ఇంకేదీ కనపడలేదు. చంపేదెవరో దానికి తెలియాలి గదా అని, “చావవే!” అని గొంతు చించుకుని అరిచి మరీ కాల్చాను. భుజం ఊడొచ్చినంత పనైంది, చెవులు గింగురుమన్నాయి. నా అరుపుకు ఒక్క ఉదుటున పక్కకు దూకిన నక్క మొక్కజొన్న మోళ్లలో పడి పారిపోయింది. గూటి చెక్కకు చిటికెనవేలు దూరేంత కన్నం పడింది. లోపల అలికిడి లేదు.

మా ఆవిడ వచ్చి తలుపు తీసి చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పనికొచ్చే నాలుగు ముక్కలు ఏరి, కడిగి, పులుసు పెట్టి, నేను షిఫ్టుకు వెళ్లబోయే ముందు కంచంలో వడ్డించి ఎదురుగా నిలబడింది.

“తినండి. నక్కయితే తినేదేగా.”

తిన్నాను. కంచం ముందు నుంచి లేచే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ ఇల్లు అమ్మేసి ఇటు వచ్చి చాలా ఏళ్లయింది. నక్క మీద నా పగ మాత్రం ఇంకా చల్లారలేదు. ఆరింటిని తిన్నందుకు కాదు, ఏడోదాన్ని నా చేత చంపించినందుకు. అలా అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది. మా ఆవిడ ఇప్పుడు ఒక్కతే బస్సెక్కి ఎక్కడికైనా వెళ్లొస్తుంది, లిఫ్టులో ఎదురైన వాళ్లందరితో కబుర్లాడుతుంది, అంతా మంచికే మారింది. నేనేదైనా పాడుచేస్తే ఒకప్పుడు గంటసేపు నాతో దెబ్బలాడేది. ఇప్పుడు నేనేం చేసినా “పోనీలెండి” అంటుంది, అంతే.