ట్వంటీటూ రైఫిలూ, ఎండు నెత్తళ్లూ

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో రత్నరాజు గారు కార్ల ఇరుసులు డిజైన్ చేసే ఇంజనీరు. ఎనభై రెండులో ప్రతి శుక్రవారం ఆయన ఆఫీసులో ఎవరిదో ఒకరి బల్ల ఖాళీ అయ్యేది. రేపు తన ఉద్యోగమూ పోయి, ఊళ్లో గొడవలు రేగితే ఎక్కడ తలదాచుకోవాలి? ఆ దిగులుతోనే ఉత్తరాన అడవిలో పాత కేబిన్ ఒకటి కొన్నారు. అక్కడ బతకాలంటే రైఫిల్ ఉండాలి.

ఇరుసును ఎంచినట్టే రైఫిల్‌నూ ఎంచారు. గ్రాఫ్ కాగితం మీద గళ్లు గీసి, బరువెంత, తూటాల బరువెంత, ఏ జంతువుకు సరిపోతుంది అని రాసుకున్నారు. సన్న తూటాల చిన్న రైఫిల్, ట్వంటీటూ నెగ్గింది. ఐదువందల తూటాలు రెండు కిలోలు కూడా తూగవు. కుందేలుకు చాలు. భార్య వసంతకుమారి కూడా పేల్చగలదు.

తుపాకుల కొట్టు ముసలాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "దీంతో కొడితే ఎలుగు చావదు. కోపం తెచ్చుకుంటుంది."

ఆ మాట చెబితే వసంతకుమారి నవ్వింది. "ఎలుగేమన్నా మన చుట్టమా అండీ, అడ్రస్ కనుక్కుని రావడానికి?"

అక్టోబరులో వెళ్లారు. ఆవిడ సూట్‌కేసులో మచిలీపట్నం చెల్లెలు పంపిన ఎండు నెత్తళ్లు, వేలెడంత ఎండు చేపలు, ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో ఒకసారి వేయిస్తే, గ్యాస్ లీకైందని పక్కవాళ్లు ఫోన్ చేశారట. అడవిలో అడిగేదెవరు? చెమ్మ పట్టాయని సగం తీసి, వరండాలో పేపర్లు పరిచి ఎండబెట్టింది.

మధ్యాహ్నం ఆవిడ చేతిపంపు దగ్గరికి వెళ్లింది. కాసేపటికి వరండా చెక్కలు కిర్రుమన్నాయి.

"అప్పుడే వచ్చేశావా?" అన్నారు రత్నరాజు గారు లోపల్నుంచి. కిటికీలోంచి చూస్తే నల్లటి వీపు. పట్టుమని పదడుగుల దూరం లేదు.

రైఫిల్ తీశారు. గురి తప్పే దూరం కాదు. అంతలో పంపు దారిలో వసంత ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ రావడం వినిపించింది. ఆ దారి తిన్నగా వరండాకే వస్తుంది. పేలిస్తే అది చావదు, వెనక్కి తిరుగుతుంది. తిరిగితే ఎదురుగా ఆవిడే.

"వసంతా, బకెట్ దింపేయ్. పరిగెత్తకు. కార్లోకి పో," అన్నారు, గొంతు మామూలుగా ఉంచి.

ఆవిడ కారు తలుపు లాగింది. రాలేదు. దొంగల భయంతో అబ్బిన డెట్రాయిట్ అలవాటు కొద్దీ లాక్ చేసి, తాళాలు ఆయనే జేబులో వేసుకున్నారు. ఎలుగు తలెత్తి అటు చూసింది. ఆవిడ కారు చాటున ఒదిగిపోయింది. అది చాలాసేపు చూసి, మళ్లీ నెత్తళ్లలో మూతి పెట్టింది.

"అది వెళ్లేదాకా గురి దించలేదు, పేల్చనూ లేదు," అంటారు రత్నరాజు గారు నాతో, ఇప్పటికీ అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటూ. ఆ సాయంత్రమే సామానంతా వదిలి ఇంటికొచ్చేశారు. గ్రాఫ్ కాగితంలో ఇంకో గడి చేర్చారు: వసంత ఎక్కడుంది?

మరుసటి శనివారం పెద్ద రైఫిల్ కొని మరీ సామాను కోసం వెళ్లారు. కేబిన్ తలుపు చీలి ఉంది. లోపల సూట్‌కేసులో మిగతా నెత్తళ్లున్నాయి కదా.

"చుట్టానికి అడ్రస్ తెలిసిపోయిందండీ," అంది వసంతకుమారి, కారు దిగకుండా.

మెట్ల మీద బురద అడుగులు లోపలికే వెళ్లాయి. బయటికి వచ్చినవి ఒక్కటీ కనిపించలేదు. ఆయన వెనక సీట్లోని రైఫిల్‌ను ముట్టుకోలేదు. పక్కన వసంత ఉందని ఒకసారి చూసుకుని, కారు రివర్స్ చేశారు.