అవ్వ దంచిన వాము

మా బోధన్‌లో నన్ను చూసినవాళ్లు మొదట అడిగేది ఒకటే. బస్సు దిగి వీపున టెన్నిస్ రాకెట్ల సంచితో నడుస్తుంటే, పండ్ల బండి దగ్గర నిలబడ్డవాళ్లు, ఆటోలోంచి మెడ బయటపెట్టినవాళ్లు, "గెలిచినవా బిడ్డా?" అంటారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ జవాబు చెప్పీ చెప్పీ నాకు నోరు నొచ్చింది. గెలవడం, ఓడడం తర్వాతి సంగతి. నా ఆటలో సగం కాలం అసలు ఆడకుండానే గడిచిందని వాళ్లకెలా చెప్పను?

అవ్వ, అంటే మా అమ్మ, ఆ మాట ఎన్నడూ అడగలేదు. నేను గడప దాటి సంచి దించకముందే, "మల్ల ఎప్పుడు పోతవ్?" అంటుంది. కొత్తవాళ్లు వింటే కూతుర్ని తరిమేస్తోందనుకుంటారు. ఆమె లెక్క వేరు. నేను బయల్దేరే ముందురోజు ఆమె వాము వేయించాలి, సొంటి, నల్లుప్పు వేసి రోట్లో దంచాలి, చిన్న స్టీలు డబ్బాలో నింపి మూత బిగించాలి. ఊరూరా నీళ్లు మారతాయి, కడుపు ఊరుకోదని ఆమె భయం. ఒకేసారి ఎక్కువ దంచి పెట్టుకోరాదా అంటే, "పాతదైతే ఘాటు పోతది" అనేది. ఇంటి ముందరి గదిలో బాపుకు, అంటే మా నాన్నకు, పిండి పట్టే గిర్ని ఉంది. గిర్ని పెట్టుకొని రోట్లో దంచడమేమిటే అని నేను నవ్వితే, "గిర్నిల ఏస్తే జొన్నపిండి వాసనొస్తది, నీకేమెర్క" అని కసురుకునేది.

బాపు అంతకుముందు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆఫీసర్ల క్లబ్బులోని మట్టి కోర్టు ఎవరికీ పట్టకుండా పోయింది. గడ్డి పీకి, నీళ్లు చల్లి, చదును చేసి బాపే నన్ను అందులో నిలబెట్టాడు. ఆయనకు టెన్నిస్ రాదు. దొరలు ఆడుతుంటే కంచె అవతల నుంచి చూసి నేర్చుకున్నది నాకు నేర్పాడు. మిగతాది హైదరాబాద్‌లో కోచ్‌ల దగ్గర నేర్చుకున్నాను.

పేపర్లో పడేవి పెద్ద టోర్నీలు. నేను ఆడినవి వాటికి ఎన్నో మెట్లు కింద ఉంటాయి. అక్కడ చప్పట్లు కొట్టేది పక్క కోర్టులో ఆడబోయే అమ్మాయి తల్లి ఒక్కతే. హోటల్ గదిలో బకెట్లో బట్టలు నానేసుకోవడం, కరెంటు కుక్కర్లో అన్నం వండుకోవడం, మోకాలికి ఐసు కట్టుకొని పడుకోవడం, ఓడిన సాయంత్రమే ఇంకో ఊరికి రైలెక్కడం. ఇదీ నా ఉద్యోగం. మొదట్లో రైలు కిటికీ పక్క సీటు కోసం కొట్లాడేదాన్ని. తర్వాత తర్వాత ఏ ఊరు వచ్చిందో కూడా చూడటం మానేశాను.

మా ఆటలో ఒక వింత నియమం ఉంది. అసలు పోటీలోకి వెళ్లడానికి ముందు అర్హత మ్యాచ్‌లు ఆడాలి. వాటిలో చివరిదాంట్లో ఓడిపోయినా ఇంటికి పోనక్కర్లేదు. పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి కోర్టు పక్కన కూర్చోవచ్చు. అసలు పోటీలో ఎవరికైనా జ్వరం వస్తే, కాలు బెణికితే, ఆ చోటు మనకిస్తారు. దీనికి 'లక్కీ లూజర్' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాడు ఎన్నడూ ఆ బెంచీ మీద కూర్చుని ఉండడు. నేను చాలా ఊళ్లలో కూర్చున్నాను. బూట్లు కట్టుకొని, చేతికి పట్టీ చుట్టుకొని, ఎవరి కాలు బెణుకుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. అది మనిషి చేయాల్సిన పని కాదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా కూర్చున్నాను.

పోయిన ఎండాకాలం ముందు అలాగే ఒక ఊళ్లో కూర్చున్నాను. ఈసారి సంగతి మామూలుది కాదు. మా పాయింట్లు ఏడాది పాటే నిలుస్తాయి. నాకు మిగిలిన కాసిని పాయింట్లు ఆ వచ్చే సోమవారంతో రాలిపోతాయి. ఆలోపు అసలు పోటీలో ఒక్క మ్యాచ్ గెలిస్తే ర్యాంకుల పట్టికలో నా పేరు ఉంటుంది. లేకపోతే చిన్నప్పటి నుంచి పడ్డ పాటంతా పట్టికలోంచి చెరిగిపోతుంది. అర్హత మ్యాచ్ ఓడిపోయాను. ఓడినవాళ్ల వరుసలో ముందున్నది నేనే. ఎవరో ఒకరు తప్పుకుంటే చాలు.

మొదటి రౌండుకు అదే ఆఖరి రోజు. ఎండ నడినెత్తికొచ్చేవేళ ఒక అమ్మాయి వచ్చి నా పక్కన కూలబడింది. ఉత్తరాది పిల్ల, ఇంకా ఇంటర్ వయసే. ముందురోజు బయట ఏదో తిన్నదట. కడుపు పట్టుకొని ముందుకు వంగి, "నా వల్ల కాదు దీదీ, తప్పుకుంటున్నానని చెప్పేసి వస్తాను" అని హిందీలో అంది. ఆ కోర్టులో తర్వాతి మ్యాచ్ ఆమెదే, మొదటి రౌండులో మిగిలిందీ అదొక్కటే.

నా గుండె గట్టిగా కొట్టుకుంది. దాచుకోవడం దేనికి, సంతోషంతోనే కొట్టుకుంది. అప్పటికే వంగి బూటు తాళ్లు బిగిస్తున్నాను. ఆమెతో ఆడాల్సిన అమ్మాయిని అంతకుముందు ఏడాది ఓడించాను కూడా. చేతికందిన మ్యాచ్ అది.

ఆ పిల్ల లేవబోయి, లేవలేక మళ్లీ వంగింది. అమ్మా అని గొణిగింది. నా చెయ్యి సంచిలోకి పోయింది, డబ్బా బయటికొచ్చింది. ఎందుకిచ్చావు అని తర్వాత నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను. మంచితనం అని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, ఎందుకంటే అందులో అంత ఆలోచనేమీ లేదు. పక్కన మనిషికి కడుపునొస్తోంది, మా అవ్వ వాము నా దగ్గర ఉంది. అంతే.

నిషేధించిన మందుల పరీక్షల భయం మాకు ఎప్పుడూ ఉంటుంది. పరాయివాళ్లు ఇచ్చింది నోట్లో వేసుకోం. ఆ పిల్ల కూడా అనుమానంగా వాసన చూసింది. అందులో ఏమేం ఉన్నాయో మా బోధన్ హిందీలో ఒక్కొక్కటీ చెప్పాను. నా హిందీ విని ఆ నొప్పిలోనూ నవ్వింది. "ఇది మా నానమ్మ కూడా చేస్తుంది" అని చెంచాడు నోట్లో పోసుకుని నీళ్లు తాగింది.

పొడి పనిచేయాలని కోరుకున్నానా, చేయకూడదని కోరుకున్నానా అంటే రెండూ కోరుకున్నాను. కాసేపటికి ఆ పిల్ల ఒక త్రేన్పు తీసింది. అంత సన్నటి పిల్లకు అంత పెద్ద త్రేన్పు ఎక్కడిదో, ముందు బెంచీలోవాళ్లు తిరిగి చూశారు. నడుము నిటారుగా పెట్టి, "తగ్గింది దీదీ!" అంది. నా ర్యాంకు ఆ త్రేన్పుతో పోయింది.

ఆమె ఆడింది, గెలిచింది. పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని, మిగిలిన పొడి ఇవ్వవా అని అడిగింది. డబ్బాతో సహా ఇచ్చేశాను. కట్టుకున్న బూట్లు విప్పుకున్నాను.

సోమవారం నిజామాబాద్‌లో రైలు దిగి బోధన్ బస్సెక్కాను. మార్కెట్ యార్డుకు పసుపు కొమ్ములు మోసుకుపోయే ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించి ఉన్నాయి. బస్సు నత్తనడక నడిచినా నాకు తొందరేమీ అనిపించలేదు. దిగగానే ఎవరో గెలిచినవా అన్నారు. వినపడనట్టు వచ్చేశాను.

బాపు గిర్ని ఆపి, పిండి అంటిన బొటనవేలితో ఫోను రుద్దుతున్నాడు. ప్రతి సోమవారం నా ర్యాంకు చూడటం ఆయనకు అలవాటు.

"పేరు కనబడుతలేదు బిడ్డా. నెట్ వస్తలేదేమో."

"నెట్ వస్తుంది బాపు. పేరే లేదు."

ఆయన ఇంకోసారి రుద్ది చూసి, ఫోను జేబులో పెట్టుకుని గిర్ని వేశాడు. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడే పని ఉండదు.

అవ్వ లోపల నా సంచి విప్పి మాసిన బట్టలు తీస్తోంది. "డబ్బ ఏది?" అంది. ఇచ్చేశానని చెప్పాను. ఎవరికో, ఎందుకో అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. సంచి కింద పెట్టి నా వైపు చూసింది.

"నువ్వు ఇయ్యకపోతే గా పిల్ల ఆడకపోవు గదా?"

"ఆడకపోవు."

"నువ్వే ఆడుతుంటివి?"

"నేనే ఆడుతుంటి అవ్వా."

"మరెందుకిచ్చినవే? గది నీ కోసం దంచిన. ఊరందరి కోసం దంచిన్నా?"

ఆమెకు అంత కోపం వస్తుందనుకోలేదు. మంచి పని చేసినవ్ బిడ్డా అంటుందని దారంతా అనుకుంటూ వచ్చాను. కానీ అవ్వ సంచిలోంచి తీసిన బట్టలను ఒక మూలకు విసిరికొట్టింది. నా కోసం ఇంత కోపం తెచ్చుకున్న మనిషి ఇన్నేళ్లలో ఇంకొకరు లేరు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో హాయిగా కూడా ఉంది.

"కడుపునొస్తుందన్నది అవ్వా" అన్నాను.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ ఆమె ప్రశ్న కోసం కాచుకుని ఉన్నాను. కంచం తీసింది, చాప పరిచింది, అడగలేదు. చివరికి నేనే అడిగాను.

"మల్ల ఎప్పుడు పోతవ్ అని అడుగుతలేవేందే?"

"ఇంకేడికి పోతవ్ బిడ్డా" అంది మెల్లగా. "పండుకో."

గిర్ని చప్పుడుకు నాకు చిన్నప్పటి నుంచీ నిద్ర పట్టదు. ఆ రోజు పట్టింది. సాయంత్రం బాపు గిర్ని ఆపాక మెలకువ వచ్చింది.