నా ఓడకి ఎన్ని ఎడ్లు

మొన్న ఆదివారం పంజగుట్టలో, పాతికమంది చూస్తుండగా, నా ఓడ మునిగిపోయింది. మునిగిందని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది కాబట్టి అలా అంటున్నాను. నిజానికి అది నడిసముద్రంలో పొలం దున్నింది. టీ పోసుకోండి, మొదట్నుంచీ చెప్తాను.

నా ఉద్యోగం మీకు తెలుసు కదా. సోమాజిగూడ ఆఫీసులో కూర్చుని మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలు తెలుగులోకి మార్చడం. 'పిల్లలకు అందనిచోట ఉంచండి' అని ఎక్కడైనా చదివితే అది నా రచనే అనుకోవచ్చు. పదకొండేళ్లుగా అదే రాస్తున్నాను, ఒక్కదాని మీదా నా పేరు లేదు. అలాంటి నాకు రమణ గారు ఫోన్ చేశారు. ఆయనది చిన్న ప్రచురణ సంస్థ. నూటయాభై ఏళ్ల కిందటి అమెరికన్ రచయిత ఒకాయన, కుర్రతనంలో తిమింగలాల వేట ఓడల్లో పనిచేసి, ఒడ్డుకొచ్చాక ఆ సముద్రం మీదే నవలలు రాశాడు. ఆయన పేరు ఇక్కడ ఎత్తను, నేను చేసినదానికి పాపం ఆయన్నెందుకు లాగడం. ఆయన పుస్తకాలు నాలుగు తెలుగులో వెయ్యాలని రమణ గారి ప్లాన్. మొదటిది నాకు ఇచ్చి, యాభై పేజీలు అయ్యాక సభలో చదవమన్నారు. బాగుంటే నాలుగూ నావే. అట్ట మీద నా పేరు, నాలుగుసార్లు! ఆ రాత్రి అట్ట ఏ రంగులో ఉండాలో కూడా ఆలోచించేశాను.

కష్టమంతా మొదటి పేజీలోనే మొదలైంది. తెరచాప, లంగరు, చుక్కాని నిఘంటువులో దొరికాయి. కానీ ఓడ అంటే మూడు వస్తువులు కాదు కదా. తెరచాప వేలాడదీసే అడ్డదూలం ఉంటుంది, చుక్కాని తిప్పే పిడి ఉంటుంది, తిమింగలం మీదికి విసిరే పొడుగాటి ఈటె ఉంటుంది. వీటన్నిటికీ జనం వాడే మాటలు కావాలి. నేను చూసిన పెద్ద ఓడ హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి తీసుకెళ్లేదే. దాంట్లో పాప్‌కార్న్ అమ్ముతారు.

అప్పుడు గుర్తొచ్చారు, మా ఎదురు ఫ్లాట్ ప్రసాదరావు గారు. కోస్తా ఆయన. కోస్తా అంటేనే సముద్రపు ఒడ్డు, ఇంకేం కావాలి? ఫికర్ తీరిపోయింది.

వాళ్లకీ మాకూ ఇచ్చిపుచ్చుకోవడాలు ముందునుంచీ ఉన్నాయి. మాది తెలంగాణలో నేత ఊరని తెలిసినప్పట్నుంచి వాళ్లావిడ రత్నం ఆంటీ ఏ చీర కొన్నా ముందు నాకే చూపిస్తారు. మా నాన్న ఆ ఊరు వదిలి అమీర్‌పేటలో టైలరింగ్ షాపు పెట్టేనాటికి నాకు మూడేళ్లు. పట్టుకీ పాలిస్టర్‌కీ తేడా నాకు ధర చీటీ చూస్తేనే తెలుస్తుంది. అయినా అంత నమ్మకంతో అడిగినప్పుడు తెలియదని ఎలా అంటాం చెప్పండి? ఆ రోజు కూడా ఆంటీ ఎర్రచీర ఒకటి తెచ్చారు. అంచు వేళ్లతో నలిపాను, ట్యూబ్‌లైట్‌కి ఎత్తి చూశాను. తర్వాత, "అసలైన చేనేత ఆంటీ, రంగు దిగదు" అన్నాను. ఆంటీ సంతోషంగా కాఫీ పెట్టడానికి వెళ్లారు. ఆ సందులో నేను నోట్‌బుక్ తీసి అంకుల్‌ని సముద్రం గురించి అడిగాను.

అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కిటికీలోంచి మెట్రో పిల్లర్ వైపు చాలా దూరం చూశారు. సముద్రాన్ని గుర్తుచేసుకుంటున్నారనుకుని నేను పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. తర్వాత ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు. ఓడ మధ్యలో నిలబెట్టిన పొడుగు కొయ్యని నొగ అంటారట. చుక్కాని తిప్పే పిడి మేడి. తాడు చుట్టే గుండ్రటి దిమ్మ ఇరుసు. తిమింగలాన్ని పొడిచే ఈటె ముల్లుగర్ర. అడ్డదూలం దగ్గర కాస్త తడుముకుని, కాడి అన్నారు.

కాడి అనగానే నాకు కొంచెం అనుమానం వచ్చింది. మగ్గాల ఇంట్లో పుట్టి సిటీలో పెరిగినా ఆ మాట విన్నాను.

"కాడి ఎద్దుల మెడ మీద వేసేది కదా అంకుల్?"

"ఓడకీ ఉంటుందమ్మా. గాలిని కట్టాలి కదా మరి" అన్నారు ఆయన, ఏమాత్రం తొణక్కుండా.

గాలిని కట్టడం! ఎంత కవిత్వం! ఇంటికొచ్చి ఆ అనుమానాన్ని నేనేం చేశానో తెలుసా? దాన్ని ముందుమాటగా రాశాను. కోస్తావాళ్ల బతుకులో నేలా నీరూ వేరు కావనీ, ఒకే మాట పొలంలోనూ పడవలోనూ పనిచేస్తుందనీ, ఇంత లోతైన సంగతిని ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదనీ రెండు పేజీలు. పట్టించుకోకపోవడానికి కారణం ఉందని నాకు తట్టలేదు.

ఆదివారం వచ్చింది. పంజగుట్టలో ఒక టిఫిన్ సెంటర్ పైన చిన్న హాలు. అంకుల్‌ని ముందువరసలో కూర్చోబెట్టాలని పిలిస్తే మోకాలి నొప్పన్నారు. పొద్దునే ఆయన మెట్లు రెండేసి దిగుతూ పాలకి వెళ్లడం చూశాను, అయినా నమ్మాను. రమణ గారు మాత్రం సముద్రం పుస్తకానికి సముద్రం మనిషే ఉండాలని ఎస్.ఆర్. నగర్ నుంచి అప్పలరాజు గారిని ముఖ్య అతిథిగా తెచ్చారు. విశాఖ హార్బర్‌లో ముప్పై ఏళ్లు పెద్ద ఓడల్ని తాడుకట్టి లాగే పడవ నడిపారట. ఇప్పుడు లేడీస్ హాస్టల్ నడుపుతున్నారు.

ముందుమాట చదివాను. రెండో వరసలో ఒక లెక్చరర్ గారు నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. నాకు గొంతులోకి ధైర్యం వచ్చి తుఫాను ఘట్టం అందుకున్నాను. కెప్టెన్ మేడి బిగించి పట్టుకున్నాడు. కలాసీలు నొగ మీదికి పాకారు. ఫెళ్లుమని కాడి విరిగింది. ఇరుసు కీచుమంది. అలల మధ్య తిమింగలం వీపు కనబడగానే కెప్టెన్ ముల్లుగర్ర ఎత్తి, పదండి పదండి అని అరిచాడు. వెనకవరసలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. నేను జలుబనుకుని ఇంకొంచెం గట్టిగా చదివాను.

చప్పట్లు కొట్టారు. అప్పలరాజు గారు లేచి మైకు పట్టుకుని, చాలా మర్యాదగా, నా వైపు తిరిగారు.

"ఏటనుకోకమ్మా. ఈ ఓడకి ఎడ్లెన్ని కట్టారు?"

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. లెక్చరర్ గారు నోట్‌బుక్ తెరిచి, రాసుకున్నది నిదానంగా కొట్టేశారు. అప్పలరాజు గారు మాత్రం నవ్వలేదు. నొగ బండిదనీ, ఇరుసు దాని చక్రాలదనీ, మేడి నాగలిదనీ, ముల్లుగర్రతో అదిలించేది ఎద్దునేగానీ తిమింగలాన్ని కాదనీ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఈ మాటలు ఎవరిచ్చారని అడిగితే, మా ఎదురింటి కోస్తా అంకుల్ అన్నాను. ఏ ఊరాయన అని అడిగారు. నూజివీడు దగ్గరని చెప్పాను.

"అక్కడ మామిడితోటలుంటాయమ్మా" అన్నారు ఆయన. "సముద్రం ఉండదు."

నేల చీలితే దూకేసేదాన్ని, కింద టిఫిన్ సెంటర్ ఉందని ఆగాను. సభ అయ్యాక రమణ గారు నన్ను పక్కకి పిలిచారు. నాలుగు పుస్తకాలూ చెయ్యి జారినట్టేనని అర్థమై ఏడుపొచ్చింది. కానీ ఆయన ఇరవై రోజులు గడువిచ్చారు. "ఓడైనా తేండి, ఎడ్లబండైనా తేండి పద్మ గారూ. రెండూ కలిపి మాత్రం వద్దు" అన్నారు. అప్పలరాజు గారు రోజూ సాయంత్రం హాస్టల్‌కి వస్తే మాటలన్నీ తానే చెప్తానన్నారు. ఆ ముసలాయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచే వచ్చాను, కోపంలో ఆటో కూడా గుర్తురాలేదు. ప్రసాదరావు గారిని ఏమేం అడగాలో దారిపొడుగునా మనసులో రాసుకున్నాను. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా. నమ్మి అడిగినవాళ్లని ఇలా చేస్తారా. పెద్దమనిషి అన్నాక ఒక బాధ్యత ఉండొద్దా. మెట్లెక్కేసరికి మంచి ఉపన్యాసం తయారైంది. కాలింగ్ బెల్ కొట్టాను.

అంకుల్ తలుపు తీశారు. ఆయన ఒంటి మీద బనియను గులాబీ రంగులో ఉంది. పంచె కూడా గులాబీ రంగే. వెనకాల బాల్కనీ తీగ మీద, గులాబీ రంగెక్కిన ఇంటిల్లిపాది బట్టల మధ్య, ఆ ఎర్రచీర ఇంకా తడిగా వేలాడుతోంది.

"రా అమ్మా, మీటింగ్ ఎలా జరిగింది?" అన్నారు అంకుల్, నా మొహం వైపు చూడకుండా.

ఇంతలో రత్నం ఆంటీ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఆవిడ మొహంలో కోపం లేదు, ఇంకా నమ్మకమే ఉంది. "నువ్వే చెప్పాలి పద్మా. అసలైన చేనేతకి మొదటి ఉతుకులో ఇలాగే ఉంటుందా ఏంటి?"

నేను బాల్కనీలోకి వెళ్లి చీర అంచు వేళ్లతో నలిపాను. వెలుతురుకి ఎత్తి చూశాను.

"మొదటి రెండు ఉతుకులు అంతే ఆంటీ" అన్నాను. తర్వాత అంకుల్ వైపు తిరిగి, "మీటింగ్ మస్తుగ జరిగింది అంకుల్. ఒక జత ఎడ్లు తక్కువైనయన్నరు, గంతే" అన్నాను.