ఇంజను ఆగినప్పుడు వినపడిన దీవెనలు

మా దీవిలో ఆయన్ని అందరూ దీవెనల మామ అనేవాళ్ళు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తెలిసుండాలి. ఆయన పని ఫెర్రీ మీద బళ్ళు సర్దడం. అవతలి ఒడ్డుకి చేరడానికి మాకు ఆ ఫెర్రీ తప్ప వేరే దారి లేదు. కారున్నవాడైనా లారీ ఉన్నవాడైనా ఆయన చెయ్యి ఊపితే కదలాలి, అరచెయ్యి చూపిస్తే ఆగాలి. నారింజరంగు కోటు తొడుక్కుని ర్యాంపు మొదట్లో నిలబడి, బరువు లారీని నడిమధ్యకి, కార్లని రెండు పక్కలకి పంపి, మిగిలిన సందుల్లో స్కూటర్లని దూర్చేవాడు. అంత కిక్కిరిసినా ఒక్క బండికి గీత పడేది కాదు.

పని చేస్తున్నంతసేపూ ఆయన మొహం మీద నవ్వు ఉండేది. పెదాలు ఆడుతూనే ఉండేవి. ఏమంటున్నాడో ఒక్క ముక్క వినపడేది కాదు. పాత ఫెర్రీ ఇంజను అలాంటిది. అది మొదలయ్యాక పక్కవాడు "గుండెల్లో నొప్పి" అని అరిచినా "ఆఁ ఆఁ, పిల్లలు బాగున్నారు" అని జవాబు చెప్పేవాళ్ళం. అందుకని ఆ నవ్వునీ ఆ పెదాలనీ చూసి మేమే ఒక అర్థం చెప్పుకున్నాం. ప్రతి బండినీ 'క్షేమంగా వెళ్ళి లాభంగా రండి' అని దీవిస్తున్నాడని. రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారైతే "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ నోటిని చూసి నేర్చుకోండర్రా" అని పిల్లలకి చెప్పేది. ఆ నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటీ ఆవిడ వినలేదన్నది వేరే సంగతి. మంచివాళ్ళని గుర్తించడానికి మా దీవిలో వాళ్ళ మాటలు వినాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

అసలు జరిగిందేమిటో చాలాకాలం తర్వాత ఆయనే చెప్పాడు. మొదట్లో ఆయనకి ఆ ఉద్యోగం గిట్టేది కాదు. మామగారు పాత ఫెర్రీ నడిపే సరంగు. పిల్లనిచ్చాక అల్లుడు గుమ్మంలో కూర్చుని ఈగలు తోలుకోవడం చూడలేక, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ర్యాంపు మీద నిలబెట్టాడు. చేరిన రోజే ఒక కంట్రాక్టరు కారు చక్రం ఆయన బొటనవేలి మీంచి పోయింది. ప్రాణం జివ్వుమంది. ఆ కంట్రాక్టరునీ, వాడి తాతలనీ, వాడికి లైసెన్సు ఇచ్చినవాణ్ణీ కలిపి నోరారా తిట్టాడు. తిట్టేశాక ఉద్యోగం ఊడిందనుకున్నాడు. కంట్రాక్టరు మాత్రం అద్దంలోంచి నవ్వి, 'పర్లేదు పర్లేదు' అన్నట్టు చెయ్యి ఊపి ముందుకి పోయాడు. ఈయనేదో క్షమాపణ చెబుతున్నాడనుకున్నాడు.

ఆ క్షణాన ఆయనకి ఉద్యోగం మీద ప్రేమ పుట్టింది.

నవ్వు చెదరకుండా తిట్టడం చిన్న విద్యేం కాదు. ఆయన దాన్ని ఏళ్ళ తరబడి సానబట్టాడు. అందరికీ ఒకే తిట్టు పంచే బద్ధకస్తుడు కాదు. ఎవరి కొలతకి తగ్గది వాళ్ళకి కుట్టేవాడు.

నిజానికి బట్టలు కుట్టేది ఆయన భార్య. ఇంటి ముందుగదిలో మిషను, గోడకి టేపూ కత్తెరా. ఆ ఇంట్లో ఆయన నోట్లో నాలుక లేని మనిషి. కూరలో ఉప్పు మర్చిపోయినా 'ఊఁ', రెండుసార్లు వేసినా 'ఊఁ'. బావమరిది వచ్చి నెలల తరబడి తిష్ఠ వేసినా 'ఊఁ'. "మా ఆయన బంగారమమ్మా, ఇన్నేళ్ళ కాపురంలో గట్టిగా ఒక మాట అనలేదు" అని కొలతలివ్వడానికొచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆవిడ చెప్పేది. వాళ్ళు ఇంటికెళ్ళి మొగుళ్ళని దెప్పేవాళ్ళు. ఆ బంగారం వల్ల ఎన్ని ఇళ్ళల్లో గిన్నెలు ఎగిరాయో లెక్కలేదు.

అలాంటి రోజుల్లో కొత్త ఫెర్రీ వచ్చింది. సగం బ్యాటరీ, సగం డీజిలు. రేవు దగ్గర బ్యాటరీ మీద చప్పుడు లేకుండా నడుస్తుంది. లోతు నీళ్ళలోకి పోయాక డీజిలు ఇంజను అందుకుంటుంది, ఆ దారిలోనే బ్యాటరీ నింపుకుంటుంది. ప్రారంభోత్సవానికి అవతలి ఒడ్డునుంచి కంపెనీ మేనేజరు వచ్చాడు. "ఇక మీకు పొగ లేదు, రొద లేదు. గుండుసూది కిందపడినా వినపడుతుంది!" అని మైకులో అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. అందరం సూది గురించే ఆలోచించాం గానీ నోటి గురించి ఎవరికీ తట్టలేదు.

మొదటి ట్రిప్పులో ముందు పెద్దమనుషుల కార్లు ఎక్కాలి. మిగిలిన జనమంతా పైఅంతస్తు కమ్మీల దగ్గర నిలబడి చూస్తున్నాం. దీవెనల మామ ఉతికిన కోటు వేసుకుని తన చోట నిలబడ్డాడు. ఇంజను ఆగి ఉంది. ర్యాంపు కింద నీళ్ళు గలగలమంటున్నాయి. దీవి సంఘం అధ్యక్షుడి కారు ముందుకొచ్చింది. మామ నవ్వాడు, చెయ్యి ఎత్తాడు, పాత ఇంజనుని మించి అరవడం అలవాటైన గొంతుతో మొదలుపెట్టాడు.

"రా రా, గుమ్మడికాయ మొహమోడా! కొత్త కారు కొన్నావు గానీ కొత్త కళ్ళు కొనుక్కోలేదేం? ఎడమకి తిప్పరా అంటే కుడికి తిప్పుతావు. అన్నం ఏ చేత్తో తింటావో నీ పెళ్ళాన్ని అడిగి రా!"

రేవు రేవంతా కొయ్యబారింది. అధ్యక్షుడు కారు ఆపి, తలుపు తీసి, ఎర్రబడ్డ మొహంతో దిగాడు. మామ అప్పటికే వెనక కారుని పిలుస్తున్నాడు.

"రావమ్మా డాక్టరమ్మా, మెల్లిగా రా, ఇంకా మెల్లిగా! నీ దగ్గరికొచ్చిన జ్వరం దానంతటదే తగ్గిపోయేలోపు ఎక్కుతావా, ఎక్కవా?"

అధ్యక్షుడి కోపం సగంలో ఆగింది. కారు తలుపుకి ఆనుకుని చెవులు రిక్కించాడు. తనకి తగిలిన దెబ్బ మర్చిపోవాలంటే పక్కవాడికి తగిలే దెబ్బ చూడ్డాన్ని మించిన మందు లేదు.

"వచ్చాడయ్యా కంట్రాక్టరు! నువ్వు కట్టిన గోడలాగే నీ కారూ ఒరుగుతోందిరా. నిటారుగా పెట్టు. ఈ జన్మలో ఒక్కటైనా నిటారుగా పెట్టు! ఏం పంతులమ్మా, పిల్లలకి నీతులు చెబుతావు, క్యూలో మాత్రం ఎప్పుడూ అడ్డంగానే దూరతావేం?"

కార్ల వెనకాల మా డ్రైవరు తోలుకొచ్చిన నా వ్యాను వంతు కూడా వచ్చింది. నన్నేమన్నాడో నేను చెప్పను. మా వీధిలో ఎవరినడిగినా సంతోషంగా చెబుతారు.

ఆయన్ని ఎవరూ ఆపలేదు. ప్రతివాడికీ తర్వాతివాణ్ణి ఏమంటాడో వినాలని ఉంది. ఆయనకా, పాత ఇంజను పక్కన నిలబడీ నిలబడీ చెవులు సగం పోయాయి. లోకం నిశ్శబ్దమైపోయిందన్న సంగతే తెలియదు. చివరికి భార్య పైనుంచి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏమండీ! వినపడుతోందండీ!"

"ఏంటీ?"

"మీరనేదంతా అందరికీ వినపడుతోంది!"

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. పైన కమ్మీల వెంట మా మొహాలు వరసగా కనపడ్డాయి. నోరు మూసుకున్నాడు. నవ్వు మాత్రం మొహం మీదే ఉండిపోయింది. దాన్నెలా తీసెయ్యాలో ఆయనకి తెలియలేదు.

మర్నాడు సంఘం సమావేశమైంది. ఒక్కడు కూడా తన గురించి ఫిర్యాదు చెయ్యలేదు. "నన్నంటే అన్నాడు, పడతాను. కానీ డాక్టరుగారిని అలా అనొచ్చా?" అని కంట్రాక్టరు ఆ మాటలు మొత్తం, గొంతుతో సహా, మళ్ళీ వినిపించాడు. "అయ్యో నాదేముంది, పాపం కంట్రాక్టరుగారి గోడ గురించి అలాగా?" అని డాక్టరమ్మ అందుకుంది. అలా అందరూ అందరి పరువూ కాపాడుతూ, రాని వాళ్ళకి కూడా అన్నీ కంఠతా వచ్చేలా చేశారు. కిరాణా కొట్టాయన ఒక్కడే నిజంగా బాధపడ్డాడు. ఆ రోజు ఆయన కారుని మామ ఒక్క మాటైనా అనకుండా ఎక్కించేశాడట. "నేను మనిషిలా కనపడలేదా?" అని అడిగాడు.

కంపెనీవాళ్ళు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అంత తక్కువ చోటులో అన్ని బళ్ళు పట్టించేవాడు ఇంకొకడు దొరకలేదు. బదులుగా మెత్తగా మాట్లాడ్డం నేర్పడానికి ఒక టీచరమ్మని పంపించారు. 'స్వాగతం, దయచేసి రండి, దయచేసి ఆగండి, ధన్యవాదాలు' అని రాసిన అట్టముక్క ఒకటి కోటుకి తగిలించారు. చెవులు పరీక్ష చేయించి చెవి మిషను కూడా పెట్టించారు. చెయ్యాల్సిన దానికంటే ఎక్కువే చేశారు. కొంప ముంచింది ఆ ఎక్కువే.

మిషను పెట్టుకుని పనిలోకి వెళ్ళిన మొదటిరోజు అధ్యక్షుడి కారు వచ్చింది. "దయచేసి కొంచెం ఎడమకి రండి సార్" అన్నాడు మామ. అధ్యక్షుడు దించిన అద్దంలోంచి నవ్వి, చెయ్యి ఎత్తి, పెదాలు కదలకుండా పక్కనున్న భార్యతో "ఈ ముసలి గాడిద ఇంకా బతికే ఉన్నాడే" అన్నాడు. డాక్టరమ్మ చేతులు జోడించి, "చేతులూపడం తప్ప ఏ పనీ చేతకాని దద్దమ్మ" అంది. వరసగా పదిమంది నవ్వుతూ, చెయ్యి ఊపుతూ పోయారు. పదిమందీ ఏదో ఒకటి అన్నారు. ఆ అలవాటు వాళ్ళకీ పాత ఇంజను నాటిదే.

ఆ సాయంత్రం ఆయన ముందుగదిలో కుట్టుమిషను ఎదురుగా చతికిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు.

"నన్ను తిడుతున్నారే! ఇన్నేళ్ళు వాళ్ళ బళ్ళకి గీత పడకుండా చూశాను. అందరికీ నేనంటే ప్రాణమనుకున్నాను."

"మీరు వాళ్ళని తిట్టలేదా?" అంది భార్య.

"నేను వాళ్ళకి వినపడాలని తిట్టానా?"

"వాళ్ళు మాత్రం మీకు వినపడాలని తిట్టారా? చెవిలో అది పెట్టుకుని పోయింది మీరు!"

ఆ మాటతో, పొద్దుట్నుంచీ గొంతులో అడ్డుపడి ఉన్నదంతా బయటికొచ్చింది. ముందు ఫ్యానుని తిట్టాడు. తర్వాత కూరని, గిన్నెని, గిన్నె అమ్మినవాణ్ణి. ఆ మర్నాడు కుట్టుమిషనుని, దాని చప్పుడుని, ఆవిడ పుట్టింటివాళ్ళని. రేవులో పొద్దంతా దయచేసి, ధన్యవాదాలు. ఇంట్లో అడుగుపెడితే కుంభవృష్టి. కదలనే కదలడనుకున్న బావమరిది మూడోరోజే మూట సర్దుకుని పోయాడు. ఆ కాపురానికి ఆ శిక్షణ వల్ల కలిగిన మేలు అదొక్కటే. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోనే నిలబడి విని, తృప్తిగా ఇంటికెళ్ళి మొగుళ్ళకి ఒక ముద్ద ఎక్కువ పెట్టారు.

ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు ఫెర్రీ ఎక్కి నేరుగా మేనేజరు ఆఫీసుకి వెళ్ళింది.

"రండమ్మా, మీవారు చాలా మారిపోయారు" అన్నాడు మేనేజరు. "శిక్షణ బాగా పనిచేసింది."

"మీకు పనిచేసింది బాబూ. మర్యాదంతా మీ దగ్గర దింపేసి, మిగిలింది నా ఇంటికి మోసుకొస్తున్నాడు."

"దానికి నన్నేం చెయ్యమంటారు?"

"బళ్ళెక్కేటప్పుడు ఆ ఇంజను వెయ్యండి. ఆయన తిట్టేవి అక్కడే తిట్టేసి వస్తాడు. ఆ చప్పుడులో ఎవరికీ నష్టం లేదు."

మేనేజరు పడీపడీ నవ్వాడు. "రేవులో ఇంజను ఆపడానికే కదమ్మా ఇంత పెట్టి ఈ ఫెర్రీ కట్టించింది!"

ఆవిడ వట్టి చేతులతో తిరిగొచ్చింది. కానీ ఆవిడ అడిగిన సంగతి దీవంతా పాకింది. ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్నట్టు పెద్దమనుషులు లేచారు. ఎందుకంటే ఈలోగా నిశ్శబ్దం వాళ్ళకీ చుక్కలు చూపించింది. కొత్త రోడ్డు పనిలో ఎవరి వాటా ఎంతో కంట్రాక్టరు కారులో కూర్చుని ఫోనులో అధ్యక్షుడికి చెబుతుంటే, డెక్కు మీదున్నవాళ్ళంతా విన్నారు. డాక్టరమ్మ తన అత్తగారిని ఏమని పిలుస్తుందో వెనక కారులో కూర్చున్న అత్తగారికి తెలిసిపోయింది. అందరూ కలిసి మేనేజరు దగ్గరికి వెళ్ళారు.

"ఆ ఇంజను చప్పుడులో పుట్టాం, ఆ చప్పుడులో పెరిగాం" అన్నాడు అధ్యక్షుడు గద్గద స్వరంతో. "అది లేని రేవు మాకు రేవులా లేదండీ."

కంట్రాక్టరు కళ్ళు ఒత్తుకున్నాడు. కుట్టుపని చేసుకునే ఆడమనిషి అడిగితే నవ్వొచ్చిన మాట, కార్లున్నవాళ్ళు అడిగేసరికి ప్రజాభిప్రాయమైంది. బ్యాటరీ ఆయుష్షు పెరగాలంటే రేవులో డీజిలు నడపడమే మంచిదని మేనేజరు పైవాళ్ళకి ఏదో చెప్పి ఒప్పించాడు.

అలా మా ఫెర్రీ ఇప్పుడు జనం ఉన్నచోట డీజిలు మీద, చేపలున్నచోట బ్యాటరీ మీద నడుస్తోంది. రేవు పక్క ఇళ్ళవాళ్ళు దగ్గుతున్నారు. వాళ్ళకి కార్లు లేవు కాబట్టి సంఘం వాళ్ళని అడగలేదు. బయటినుంచి ఎవరైనా అధికారులొస్తే నడిసముద్రంలోకి తీసుకెళ్ళి నిశ్శబ్దాన్ని వినిపిస్తారు. వాళ్ళు అబ్బురపడి ఫోటోలు తీసుకుని పోతారు.

మామ అట్టముక్క తీసేశాడు. చెవి మిషను రేవు చేరగానే జేబులోకి పోతుంది. పెదాలు మళ్ళీ ఆడుతున్నాయి, మొహంలో మళ్ళీ కళొచ్చింది. ఇంట్లో మళ్ళీ 'ఊఁ'. అందరికీ అన్నీ తెలుసు. అయినా హెడ్మిస్ట్రెస్ గారు అద్దం దించి మరీ నమస్కారం పెట్టి పోతుంది.

పోయిన నెల ఆయనకి రిటైరయ్యే వయసు వచ్చింది. ఆయన ఊరుకున్నాడు. పొడిగింపు అడగడానికి భార్యే మళ్ళీ ఆఫీసుకి వెళ్ళింది. ఈసారి వెనకాల సంఘం సంఘమంతా వెళ్ళింది. మంచినీళ్ళ పైపు ఏ వీధిలోంచి పోవాలో ఇప్పటికీ తేల్చుకోలేని సంఘం, ఈ విషయంలో ఒక్క గొంతుతో మాట్లాడింది. ఆయన రిటైరైతే పొద్దంతా నాలుగు రోడ్ల కూడలిలో బల్ల మీద కూర్చుంటాడు. అందరూ అటే పోవాలి. అక్కడ ఏ ఇంజనూ లేదు.

"సరే, పొడిగిద్దాం. ఎన్నాళ్ళు?" అన్నాడు మేనేజరు. "ఆయనకి ఓపిక ఉన్నన్నాళ్ళా?"

"కాదు బాబూ" అంది ఆవిడ. "ఆయనకి నోరున్నన్నాళ్ళు."