జర్మనీ నుంచి దిగొచ్చిన రాంచందర్ సార్

రాంచందర్ సార్ మొదటి మాటకు ఒప్పుకోడు. ఎవరి మాటకైనా సరే, దేనికైనా సరే. నల్లగొండలో ఎంబీఏ పిల్లలకు ఇంటర్నేషనల్ బిజినెస్ పాఠం చెప్పే ఆ మహానుభావుడికి ఉన్న జబ్బు అదొక్కటే. భార్య స్వరూప రెండు రొట్టెలు వడ్డిస్తే ఆయన ఐదు అంటాడు. మూడింటి దగ్గర బేరం తెగుతుంది. రెండు తిని లేస్తాడు. దేవరకొండ బస్సు కండక్టరు పది నిమిషాల్లో కదులుతామంటే ఆయన ఐదే అంటాడు. కండక్టరు పోరు పడలేక ఏడు నిమిషాలకే విజిలు ఊదేస్తాడు.

ఓసారి జ్వరం వచ్చి దవాఖానకు పోతే డాక్టరు రెండు వారాలు మంచం దిగొద్దన్నాడు. సార్ మూడు రోజులన్నాడు. వాదించి వాదించి ఇద్దరూ వారానికి కుదుర్చుకున్నారు. తీరా జ్వరం మూడోనాటికే తగ్గింది. అయినా ఒప్పందం ఒప్పందమేనని వారమంతా మంచం మీదే కూర్చుని, చాయ్ మంచం దగ్గరికే తెమ్మని స్వరూపను వేపుకు తిన్నాడు.

ఆలంపూర్ పోయినప్పుడు పూజారి పదకొండు ప్రదక్షిణలు చెయ్యమన్నాడు. సార్ నోట్లోంచి అలవాటుగా ఐదు అని వచ్చేసింది. అమ్మవారి దగ్గర బేరాల్లేవని పూజారి కసిరాడు. పదకొండూ పూర్తిచేసి వచ్చిన సార్, ఇన్నేళ్ళ సర్వీసులో తనను ఓడించిన పార్టీ ఆ తల్లి ఒక్కతేనని క్లాసులో ఎంతో భక్తిగా చెప్పుకున్నాడు.

మోత్కూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అఖిలకు ఈ సంగతులేవీ తెలియవు. చేరిన మొదటి వారంలోనే సార్ ప్రాజెక్టు సోమవారం ఇవ్వాలన్నాడు. ఆమె సరేనంది. ఆయన కళ్ళద్దాలు తీసి, ఇంట్లో ఏదో చెడువార్త విన్నవాడిలా ఆమెను చూశాడు.

"గంత జల్ది సరే అంటవా? అయితే శనివారమే ఇయ్యి. మొదటి మాటకు తలూపేటోళ్ళు సరుకును ఓడ ఎక్కియ్యలేరు బిడ్డా."

శనివారానికి ప్రాజెక్టు ఇచ్చింది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఆయన చెప్పిన ఏ తేదీకీ ఒప్పుకోలేదు. సార్ ఆమెను చూసి మురిసిపోయేవాడు.

ఈ చదువు చదివితే ఏమవుతారని ఎవరైనా అడిగితే చాలు, సార్‌కు పూనకం వచ్చేది. నల్లగొండ బత్తాయి దుబాయ్ చేరాలన్నా, మన మగ్గం మీది చీర బెర్లిన్ చేరాలన్నా మధ్యలో మా పిల్లలే ఉండాలనేవాడు. ఓడరేవులో కాగితాలు సరిచూసేది వాళ్ళే, కస్టమ్స్ దాటించేది వాళ్ళే. బ్యాంకులో డాలర్ల లెక్క తేల్చేదీ, పరాయి దేశపు వ్యాపారితో మాట్లాడి ఆర్డరు తెచ్చేదీ వాళ్ళే. వినేవాడు చాలు సార్ అన్నా ఇంకో పావుగంటకు బేరం పెట్టేవాడు.

రెండో ఏడాదిలో అఖిలకు హైదరాబాద్‌లో చేనేత బట్టలు ఎగుమతి చేసే కంపెనీలో రెండు నెలల శిక్షణ దొరికింది. అది పూర్తిచేస్తేనే డిగ్రీ చేతికొస్తుంది. బాగా చేస్తే అక్కడే ఉద్యోగం. ఇంటికి పోయి చెబితే వాళ్ళ బాపు రాజం వద్దన్నాడు.

రాజం మగ్గం నేస్తాడు. తక్కువ మాట్లాడే మనిషి. నూలు ఇచ్చే సేటు ఎంత కూలి చెబితే అంతకే తలూపి వస్తాడు. నల్లగొండ హాస్టలంటే యూనివర్సిటీలోనే ఉంది కాబట్టి పంపాడు గానీ, పట్నంలో ఆడపిల్ల ఒక్కతే ఎట్లుంటుందన్నది ఆయన భయం. ఒకసారి వద్దన్నాడంటే దాని మీద రెండో మాట ఉండదు. తల్లి ఆండాళు చెప్పి చూసింది. అఖిల రెండు పూటలు అన్నం మానేసింది. రాజం కూడా మానేశాడు గానీ మాట మార్చలేదు.

సంగతి తెలిసి ఆదివారం పొద్దున సార్ తానే మోత్కూర్ వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని, మగ్గం పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"రాజం అన్నా, అఖిలను జర్మనీ తోలుదామనుకుంటున్నం. రెండేండ్లు."

చాయ్ తెస్తున్న అఖిల గడప దగ్గరే ఆగిపోయింది. కంపెనీ వాళ్ళు పంపిన కాగితంలో హైదరాబాద్ తప్ప ఇంకో ఊరి పేరు లేదు. రాజం మగ్గం ఆపాడు. జర్మనీ లేదన్నాడు. సార్ ఎంతో బాధపడి ఏడాదికి దిగాడు. ఏడాది కాదు, గంట కూడా లేదన్నాడు రాజం. సార్ ముంబైకి వచ్చాడు, సముద్రం ఉందన్నాడు. సముద్రం తమకేం పనన్నాడు రాజం. మద్రాసు కూడా అట్లాగే పోయింది. ప్రతి ఊరి దగ్గరా సార్ నిట్టూర్చి, "మరి నువ్వేమంటవ్ అన్నా?" అని అడుగుతున్నాడు. అడిగినకొద్దీ రాజంకు మాటలు పెరుగుతున్నాయి. మధ్యాహ్నానికి హైదరాబాద్ దగ్గరికి వచ్చి ఆగారు.

అప్పుడు రాజం షరతులు మొదలుపెట్టాడు. పిల్ల ఉప్పల్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండాలి. వారం వారం ఇంటికి రావాలి. కంపెనీని ముందు సారే పోయి చూసి రావాలి. సార్ ఒక్కొక్కదానికి గింజుకుని, చెమట తుడుచుకుని, చివరికి అన్నిటికీ లొంగిపోయాడు. ఇద్దరూ చేతులు కలిపారు. ఆండాళు వేడి వేడి అన్నం పెట్టింది. అఖిల తలెత్తి ఎవరినీ చూడలేకపోయింది.

సాయంత్రానికి ఈ సంగతి వాడంతా పాకింది. జర్మనీ అన్న పెద్ద సారును హైదరాబాద్‌లో దించాడని రాజంను చూడటానికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన మగ్గం మీద కూర్చుని అడిగినవాళ్ళకల్లా మొదటినుంచీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా మద్రాసు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.

ప్రయాణం రోజున తండ్రీకూతుళ్ళు బస్టాండుకు వచ్చారు. బాపును మోసం చేసి పోవడానికి అఖిలకు మనసొప్పలేదు. బస్సు రాకముందే చెప్పేసింది.

"బాపూ, జర్మనీ లేదు. మొదటినుంచి హైదరాబాదే. సార్ ఉత్తగ అన్నడు."

రాజం బ్యాగు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నాకు తెల్వదా బిడ్డా? మన పక్కింటి పెద్దులు దుబాయి పొయ్యేటప్పుడు పాస్‌పోర్టుకు ఎన్ని తిప్పలు పడ్డడో నేను చూసిన. నీకు పాస్‌పోర్టే లేకపాయె. జర్మనీ ఎట్ల పోతవ్?"

అఖిల నోరు తెరిచింది. తెలిసి మరి పొద్దుగాల్నుంచి మధ్యాహ్నం దాకా ఎందుకు బేరం చేశావని అడిగింది.

"సేటు చెప్తడు, నేను తలూపుత. నా జిందగిల నువ్వేమంటవని నన్ను అడిగినోడు లేడు. గంత సదువుకున్న సారు నా ఇంట్ల కింద కూసోని ఊరూరికీ అడుగుతుంటే, నడుమల ఎట్ల లేస్త?"

చెప్పి నవ్వాడు. అఖిలకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. సార్ బేరమాడేది గెలవడానికి కాదనీ, ఎదుటి మనిషి నోరు తెరిపించడానికేననీ, ఆయన నాలుగు సెమిస్టర్లు చెప్పినా అర్థంకాని పాఠం ఆమెకు అక్కడ అర్థమైంది. ఇంతలో బస్సు వచ్చింది. రాజం ఆమెను ఎక్కించి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"రేపు ఆ జర్మనీ నిజంగనే వస్తే, మీ సారును జర పొద్దుగాల్నే రమ్మను బిడ్డా," అన్నాడు. "బేరం తెగేసరికి పొద్దుగూకుతది."